వగరు తెలిసిన నాలుక

నేను వైన్ పోసి బతుకుతున్నానని మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "హోటల్లో సర్వీసు" అని చెప్పాను. అబద్ధమైతే కాదు.

హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, నాలుగేళ్లు ప్రయాణికుల ఓడ మీద పనిచేశాను. ఆ ఓడ గ్రీసులోని సాంతోరిని దీవి ముందు లంగరు వేసినప్పుడల్లా డెక్కు మీద నిలబడి చూసేవాణ్ణి. నల్లగా, ఎర్రగా కాలిన కొండచరియ, దాని అంచున ముగ్గుపిండి ఒలికినట్టు తెల్లటి ఇళ్లు. ఒడ్డుకు వెళ్లిన ప్రయాణికులు ఆరు గంటల్లో తిరిగి ఓడెక్కేసేవారు. ఇప్పుడు ఆ దీవి మీదే, పిర్గోస్ అనే కొండ ఊళ్లో ఒక చిన్న రెస్టారెంట్‌లో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పని. యజమానికి డెబ్బై దాటాయి. నన్ను "పెదీ మూ" అంటాడు, నా బిడ్డా అని. కోపం వచ్చినా అదే మాట, గొంతు మాత్రం వేరు.

ద్రాక్షతోట అనగానే మన కళ్ల ముందుకు పందిరి వస్తుంది. ఇక్కడ పందిరి వేస్తే వారంలో గాలికి లేచిపోతుంది. అందుకని తీగను నేల మీదే గుండ్రంగా అల్లుతారు, గంప ఆకారంలో. దాన్ని కులూరా అంటారు. గుత్తులు ఆ గంప లోపల, ఎండకీ గాలికీ దొరక్కుండా దాక్కుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఎండుకంపను చుట్టచుట్టి పొలమంతా పడేశారనుకున్నాను. నేలంతా బూడిద, తేలికరాయి. దాదాపు 3,600 ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతం పేలి దీవి నడిబొడ్డు సముద్రంలోకి కుంగిపోయింది, ఆ బూడిదే ఇది. వాన తక్కువ. రాత్రి సముద్రం మీంచి వచ్చే మంచు తడే మొక్కకు ఆధారం. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ తోటల్లో చాలావాటిని తినేసిన ఫిలోక్సెరా పురుగు ఈ ఇసుక నేలలో బతకలేకపోయింది. అందుకే ఇక్కడి తీగలు అంటు కట్టకుండా ఇప్పటికీ సొంత వేళ్ల మీదే నిలబడి ఉన్నాయి.

పండు పేరు అసిర్టికో. మామూలుగా ఎండ ముదిరేకొద్దీ ద్రాక్షలో తీపి పెరిగి పులుపు చచ్చిపోతుంది. ఈ పండు మాత్రం ఎంత ఎండకు పండినా పులుపు వదలదు. దీంతో చేసే వైట్ వైన్లలో నిక్తెరి అనేది ఒకటి. గ్రీకులో 'నిక్తా' అంటే రాత్రి. పగటి వేడికి రసం పాడవకుండా రాత్రంతా మేలుకుని పళ్లు తొక్కేవారట, పేరు అలా వచ్చింది. నిక్తెరి అని సీసా మీద రాయాలంటే అసిర్టికో కనీసం 75 శాతం ఉండాలి, కనీసం మూడు నెలలు ఓక్ చెక్క పీపాలో నిలవ ఉండాలి, ఆల్కహాలు 13.5 శాతానికి తగ్గకూడదు. మా యజమాని అమ్మేది అంతకన్నా చాలా ఎక్కువ కాలం పీపాలో ఉన్న సరుకు.

చేరిన మొదటి వారం కొత్తవాళ్లకు పరీక్ష పెట్టాడు. మూడు గ్లాసులు. చూడు, తిప్పు, వాసన చూడు, నోట్లో పోసుకుని పుక్కిలించి బకెట్లో ఉమ్మెయ్. మా ఇంట్లో అన్నం దగ్గర ఉమ్మితే వీపు విమానం మోత మోగేది. నా పక్కనున్న ఇద్దరూ నిమ్మ, అనాస, వనిల అంటూ పుస్తకంలో ఉన్నవి వరసగా చెప్పారు. నాకు మూడో గ్లాసులో వచ్చిన వాసన ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. "కొబ్బరి," అన్నాను. "పచ్చిది కాదు. ఎండుకొబ్బరి మూకుట్లో దోరగా వేగుతున్నప్పటిది."

ముసలాయన నవ్వి, ఆ గ్లాసుది అమెరికన్ ఓక్ పీపా అన్నాడు. ఓక్ చెక్కలోనే కొబ్బరి వాసన ఇచ్చే లాక్టోన్ అనే పదార్థం ఉంటుందని, ఫ్రెంచి చెక్కలో కన్నా అమెరికన్ చెక్కలో ఎక్కువని తరవాత తెలిసింది. వనిల వాసనా చెక్కదే. ద్రాక్షకు దానితో సంబంధం లేదు.

"నోట్లో ఏమవుతోంది?" అని అడిగాడు. అక్కడ ఆగిపోయాను. పులుపు కాదు, చేదు కాదు. బుగ్గల లోపలి చర్మాన్ని ఎవరో సన్నగా లాగుతున్నట్టు, జామపిందె కొరికినట్టు. వగరు! మాట నాలుక మీదే ఉంది, ఇంగ్లిషులోకి రావడం లేదు. ఇంగ్లిషులో దానికి ఉన్నది వైద్యుడు చీటీ మీద రాసే మాటలా ఉంటుంది, ఇంట్లో ఎవరూ అనరు. చివరికి దవడలు లోపలికి పీల్చి చూపించాను. "స్తిఫో!" అన్నాడాయన. పచ్చి పండు కొరికిన పిల్లవాడు కూడా అనే మాటట అది. మా ఇద్దరి భాషల్లోనూ వంటింటి మాటే ఉంది, మధ్యలో ఇంగ్లిషే అడ్డం. ఆ రోజు నుంచి వైన్ పోసే పని నాకే అప్పగించాడు.

పోయడంలో పెద్ద తప్పు ఒక్కటే, మరీ చల్లగా ఇవ్వడం. పీపా ముఖం చూడని స్టీలు ట్యాంకు వైన్‌ను ఎనిమిది డిగ్రీల దగ్గర ఇచ్చినా బాగానే ఉంటుంది. మా పీపా వైన్‌ను అలా ఇస్తే వాసన ముడుచుకుపోయి, పులుపూ వగరూ మాత్రమే మొండిగా నిలబడతాయి. పది, పన్నెండు డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్ నుంచి ఇరవై నిమిషాల ముందే తీస్తాను. గ్లాసు కడుపు వెడల్పుగా ఉండాలి, మూడో వంతుకు మించి పోయకూడదు. జులై, ఆగస్టుల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆ రోజుల్లో బయటి టేబుళ్ల దగ్గర వాసన ముక్కు దాకా రాకుండానే సముద్రం పాలవుతుంది, అందుకని తెలిసినవాళ్లను గోడ పక్కన కూర్చోబెడతాను.

అయినా వచ్చినవాళ్లు ఐసు బకెట్ అడుగుతారు. పెడతాను. మొదటి గ్లాసు అయ్యాక సీసా తీసి టేబుల్ మీద పెట్టి, బకెట్ చప్పుడు లేకుండా పట్టుకెళ్లిపోతాను. ఇంతవరకు ఎవరూ తిరిగి అడగలేదు. ఒకాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, వైన్ గురించి తెలిసినవాళ్లను పంపమన్నాడు. సరేనండి అని వంటగది దాకా వెళ్లి, మంచినీళ్లు తాగి తిరిగి వచ్చాను. "చెప్పండి," అన్నాను.

దీని పక్కన ఏం తినాలన్నది ఇంకో సంగతి. బొగ్గుల మీద కాల్చిన ఆక్టోపస్, ఏళ్లు ముదిరిన గ్రావియెరా చీజ్, నిమ్మరసం, గుడ్డు కలిపిన సాసుతో కోడి, ఇవన్నీ పీపా వైన్‌కు దీటుగా నిలబడతాయి. ఇక్కడి టమాటా వడలకు మాత్రం స్టీలు ట్యాంకుదే నయం. ఒక సెలవురోజు గదిలో చేపల పులుసు చేసి దీంతో తాగి చూశాను. చింతపండు ముందు వైన్ పులుపు నీళ్లలా తేలిపోయింది, మిరపకారం ఆల్కహాలుతో కలిసి గొంతు మండించింది. నాతో ఉండే బంగ్లాదేశీ వంటవాడు వైన్ పక్కకు నెట్టి పులుసంతా తినేశాడు. మిరియాలు, కొబ్బరి వేసి వేయించిన రొయ్యలు మాత్రం భలేగా కుదిరాయి.

అన్నిటికన్నా బాగా కుదిరేది ఫావా. అచ్చం మన ముద్దపప్పు. మన దగ్గర కేసరి పప్పు అనేదానికి దగ్గరి చుట్టం, ఈ దీవి బూడిదలోనే పండుతుంది. మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, పైన ఉల్లిపాయ, కేపర్ మొగ్గలు వేసి ఇస్తారు. ఆ కమ్మదనం వగరును మింగేస్తుంది, పులుపు పప్పుకు నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది.

రాత్రి టేబుళ్లు ఖాళీ అయ్యాక సీసాలో రెండు వేళ్లంత మిగిలితే, గిన్నె అడుగున ఉన్న ఫావాతో మెట్ల మీద కూర్చుంటాను. అప్పటికి వైన్ కావలసినంత వెచ్చబడి ఉంటుంది. ఇక్కడ రెండు గంటలు, అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. అమ్మ లేచి ఉంటుంది.

"తిన్నావా నాన్నా?"

"తింటున్నానమ్మా. పప్పు."

"పోపులో ఏం వేశారు?"

"ఇక్కడ పోపు పెట్టరమ్మా."

"పోపు లేకుండా పప్పు ఎలా దిగుతుందిరా గొంతులోకి?"

గ్లాసు మెట్టు మీద పెట్టి, దిగుతుందిలే అమ్మా అన్నాను.