లెక్క తప్పిన ప్రదక్షిణ

మొన్న శనివారం చిలుకూరు వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చాను. పిక్కల నొప్పి ఇంకా తగ్గలేదు; అది తగ్గేలోపే ఈ నాలుగు మాటలూ రాసి పెట్టుకోవాలనిపించింది.

అందరూ వీసా బాలాజీ అంటారు గానీ నా మొక్కు వీసాది కాదు. కిందటేడు మా ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయిన మూడో వారంలో నేనొక్కణ్ణే వెళ్ళి 11 ప్రదక్షిణలు చేసి, ఆమె తన కాళ్ళ మీద తాను నడిచిన నాడు వచ్చి 108 చేస్తానని స్వామికి చెప్పుకున్నాను. ఇప్పుడామె చేతికర్ర లేకుండా వీధి చివరి కూరగాయల బండి దాకా వెళ్ళి, బేరం కూడా ఆడి వస్తోంది.

మెహిదీపట్నంలో బస్సెక్కాం. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆవిడకు జీరో టికెట్టు, నాకు మాత్రం పూర్తి ఛార్జీ. అప్పా కూడలి దాటగానే, రోడ్డు విస్తరణ గొడవలో ఏళ్ళ తరబడి వార్తలకెక్కిన చేవెళ్ళ దారి మర్రిచెట్లు మొదలయ్యాయి. ఏడాదిగా ఎదురింటి నీళ్ళట్యాంకు తప్ప మరేమీ చూడని మనిషి కిటికీకి నుదురు ఆనించి, ఒక్కొక్క ఊడనే చూస్తూ కూర్చుంది. నేను మాత్రం చుట్టుకు ఎన్ని నిమిషాలు పడుతుంది, ఎన్నింటి బస్సు అందుతుంది అన్న లెక్కల్లో ఉన్నాను.

ఆ గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు, పెద్దమనుషులకు వేరే దారి లేదు. అందరూ సమానమే కనుక తోపులాట కూడా అందరికీ సమానమే. ఒకరు పరుగులాంటి నడకతో మోచేతులు తగిలించుకుంటూ పోతారు, మరొకరు దారి మధ్యలో ఆగి ఫోనులో మాట్లాడతారు. ఆవిడను ప్రదక్షిణ దారి పక్కన కాస్త నీడలో కూర్చోబెట్టి, 108 అంకెలు అచ్చువేసిన కార్డు పట్టుకుని బయలుదేరాను. నిజం చెప్పాలంటే మొదటి నలభై చుట్లలో నాకు స్వామి గుర్తులేడు. తరువాత కొట్టేయవలసిన అంకె ఒక్కటే గుర్తుంది.

అరవై దాటాననుకున్న చోట జేబులోంచి కార్డు తీస్తే, చెమటకు తడిసి 57 నుంచి 64 దాకా ఒకటే నీలి మరక. ఎన్ని కొట్టేశానో, ఎన్ని మిగిలాయో తెలియక దారిలోనే నిలబడిపోయాను, వెనకవాళ్ళు విసుక్కున్నారు. అప్పుడు చంకలో పిల్లవాడితో నడుస్తున్న ఒకామె, "ఏమైంది బాపూ, ఎందుకు నిలబడ్డవ్?" అంది. చెప్పాను. "డౌటుంటే తక్కువే పట్టుకో. నాలుగు చుట్లు ఎక్కువైతే దేవునికేమన్న బరువా?" అని నవ్వి, నన్ను పక్కకు పిలిచి తన కొంగు విప్పింది. ఒక ముడిలో తిరగవలసిన చింతగింజలు, ఇంకో ముడిలో తిరిగేసినవి. ఆమెకు అంకెలు చదవడం రాదట. కార్డు ఎప్పుడూ కొనలేదట. తిరిగేసిన గింజల్లోంచి నోటితో లెక్కపెడుతూ, నా చేతిలో 52 పోసింది. ఎండకు వేడెక్కి నున్నగా, బరువే లేనట్టున్నాయి. వద్దంటున్నా వినకుండా మళ్ళీ జనంలో కలిసిపోయింది.

ఆ గింజలను నేనేం చేశానంటే, చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ దోసిట్లో ఒకటి వేశాను. మొదట ఆమెకు అర్థం కాలేదు; మూడోసారి నుంచి నేను మలుపు తిరగకముందే చెయ్యి చాపి కూర్చుంది. ఆ తరువాత బస్సు సంగతి మరిచిపోయాను. గండిపేట వైపు నుంచి గాలి కూడా తిరిగింది. తిరుమల దాకా నడవలేని భక్తుడి కోసం తానే దగ్గరకు వచ్చిన స్వామి చుట్టూ మనం ఇంతలేసి నడకలు నడవడమేమిటని నాలో నేనే నవ్వుకున్నాను. గింజలు తరుగుతుంటే, ఇంకా కొన్ని ఇచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

దర్శనం గురించి రాయడానికి ఎక్కువ లేదు. కళ్ళు మూసుకోవద్దు, స్వామిని కళ్ళారా చూడండని అక్కడ చెబుతూనే ఉంటారు; నేను కళ్ళు తెరిచే ఉన్నాను, ముందున్నాయన తల అడ్డు తొలగిన క్షణంలో తులసిమాల, శ్రీదేవి భూదేవుల మధ్య నామం కనిపించాయి, ఆ వెంటనే ఎవరో ముందుకు నెట్టారు.

బయటికి వచ్చాక గింజలు తిరిగి ఇద్దామని ఆమె కోసం చాలాసేపు వెతికాం, కనబడలేదు. మా ఆవిడ వాటిని కొంగున ముడివేసుకుని, "ఏమండీ, నేనూ ఒక్క చుట్టు నడుస్తాను" అంది. నా భుజం పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ బయలుదేరింది. సగం దూరం వెళ్ళామో లేదో, వెనక నుంచి ఒక కుర్రవాడు "అంకుల్, సైడ్ ప్లీజ్" అన్నాడు. గోడ పక్కకు జరిగి దారి ఇచ్చాం గానీ నడక మాత్రం పెంచలేదు.