జకాత్ లెక్క కోసం నగలు తూయించబోతే...

నిన్నటితో ఈ ఏడాది జకాత్ పని అయిపోయింది. జకాత్ అంటే స్తోమత ఉన్న ముస్లిం ఏటా తన ఆస్తిలోంచి తప్పనిసరిగా దానం ఇవ్వాల్సిన వాటా. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. అబ్బా (మా నాన్న) ఉన్నన్నాళ్లూ ఈ లెక్కలన్నీ ఆయనే చూసుకునేవారు. ఈసారి నా నెత్తిన పడింది.

నిసాబ్‌కు (జకాత్ పడే కనీస హద్దుకు) తగ్గని ఆస్తి ఉండి చాంద్రమానం ప్రకారం ఏడాది గడిస్తే, అంటే సుమారు 354 రోజులకు, అందులో నలభయ్యోవంతు ఇవ్వాలి. నూటికి రెండున్నర. నిసాబ్ బంగారంలో 87.48 గ్రాములు, వెండిలో 612.36 గ్రాములు. పాత పుస్తకాల్లో ఏడున్నర తులాల బంగారం అని ఉంటుంది. అది 11.66 గ్రాముల పాత తులం, ఇప్పటి పది గ్రాములది కాదు. మన సవర్లలో పదకొండుకు కాస్త తక్కువ. "మాకు అంత బంగారం లేదు కదా" అని ఊపిరి పీల్చుకోకండి. బంగారంతో పాటు చేతిలో కొంత డబ్బో సరుకో ఉంటే అన్నీ కలిపి వెండి నిసాబ్‌తో పోల్చాలని ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీ పద్ధతి. అలా చూస్తే మధ్యతరగతి ఇళ్లలో చాలావరకు లెక్కలోకి వచ్చేస్తాయి.

సరుకు లెక్క నాకు నిమిషాల పని. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీలకు (బస్తాలకు) కొన్న ధర కాదు, జకాత్ తేదీ నాడు యార్డులో పలికే ధర వేసుకోవాలి. తేజ రకానికి తేజ రేటు, నాసిరకం తాలుకాయకు తాలు రేటు. కొట్టు, కాటా, బండి లెక్కలోకి రావు. మనకు రావలసిన బాకీలు కలపాలి, మనం కట్టాల్సినవి తీసేయాలి. ఇంటి లోను మొత్తం తీసేసి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. మా మౌలానా సాబ్ మాత్రం ఈ ఏడాది కట్టాల్సిన కిస్తీలే తీసేయమన్నారు.

చిక్కంతా మా ఆవిడ నగల దగ్గర వచ్చింది. హనఫీ పద్ధతిలో ఒంటి మీద వేసుకునే నగలకూ జకాత్ ఉంది. మరో శాఖ అయిన షాఫయీ పద్ధతిలో మామూలుగా వాడుకునే నగలకు లేదు. ఈ ముక్క తెలిసిన మా బావమరిది జకాత్ లెక్క వచ్చేసరికి షాఫయీ అయిపోతాడు. నగలు ఆవిడవి కాబట్టి బాధ్యత కూడా ఆవిడదే. ఆవిడ సరేనంటే ఆవిడ తరఫున నేను కట్టొచ్చు.

తూకం తెలియాలి కదా అని ఓ పెద్ద షోరూమ్‌కు వెళ్లా. రోజాతో (రంజాన్ ఉపవాసంతో) ఉన్నా, మిట్టమధ్యాహ్నం, చేతిలో స్టీలు డబ్బా.

"అమ్ముతారా సార్, ఎక్స్ఛేంజా?"

"రెండూ కాదు. తూకం, ఇవాళ మీరు కొనే రేటు చెప్పండి చాలు."

"లోన్ కోసమా?"

"జకాత్ కోసం."

"అది ఏ స్కీమ్ సార్? మా బ్రాంచిలో లేదే."

ఇంతవరకు నవ్వే వచ్చింది. తర్వాత ఆ అబ్బాయి లోపలికి వెళ్లి మేనేజర్‌ను తీసుకొచ్చాడు. ఆయన డబ్బా మూత తీసి చూసి, బిల్లులు అడిగాడు. మా మామగారు పెళ్లికి పెట్టిన నగలకు ఇప్పుడు బిల్లు ఎక్కడినుంచి తేను? ఆధార్ అడిగాడు, ఇచ్చా. సోఫాలో కూర్చోమన్నారు. సెక్యూరిటీ అతను మెల్లగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గాజులు చూసుకుంటున్న ఆడవాళ్లు గాజులు వదిలేసి నన్ను చూస్తున్నారు. చివరికి ఆ మేనేజర్ ఎంతో మర్యాదగా, "మేడమ్‌తో ఒకసారి ఫోన్‌లో మాట్లాడొచ్చా సార్?" అన్నాడు. గుంటూరులో పుట్టి పెరిగినవాణ్ని, ఇవి నా భార్య నగలేనని నా భార్య చేత చెప్పించుకోవాలి! స్పీకర్ పెట్టించాడు. "ఆయన మా ఆయనేనండీ, నేనే ఇచ్చి పంపాను" అని ఆవిడ అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంతా అయ్యాక తూచారా అంటే, అమ్మకపోతే తూచడం రూలు కాదన్నారు.

అక్కడినుంచి తిన్నగా లాలాపేటకు వెళ్లా. ఓ ముసలి ఆచారి గారి చిన్న కొట్టు. విషయం చెప్పకముందే "జకాత్‌కేనా బాబూ? ఈ నెలలో మీవాళ్లు వస్తూనే ఉంటారు" అన్నారు. లచ్ఛాలో (మా పెళ్లి గొలుసులో) నల్లపూసలు, నెక్లెసులో రాళ్లు, గాజుల్లో లక్క ఎంత ఉంటుందో అంచనా వేసి తీసేశారు. ఒక్కో నగ నికర బంగారం, అది ఎన్ని క్యారెట్లు, క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చారు. మజూరీ, తరుగు కలపక్కర్లేదు, ఇవాళ అమ్మితే వచ్చే ధరే లెక్క. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆ కాగితం దాచుకుంటే మళ్లీ తూయించే పని లేదు, ఏటా రేటు మార్చుకుంటే చాలు. కాబట్టి ఏసీ షోరూముల జోలికి పోకండి.

ఆ రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తయారుచేశా. బంగారం, నగదు, సరుకు, బాకీలు నింపితే కట్టాల్సింది అదే చూపిస్తుంది. మా వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు వాడుతున్నారు. ఎక్కువ చెబితే రియా (నలుగురి మెప్పు కోసం చేసినట్టు) అవుతుందేమోనని భయమే కానీ, షీట్ మాత్రం బాగా కుదిరింది.

ఇక పంచడం. ఎవరికివ్వాలో ఖురాన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది రకాలు చెప్పి ఉంది. తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యకు ఇస్తే చెల్లదు. పేదవాళ్లయితే తోబుట్టువులకు, ఖాలాకు (అమ్మ అక్కచెల్లెళ్లకు), మేనత్తకు ఇవ్వొచ్చు. జకాత్ అని నోటితో చెప్పక్కర్లేదు, మన నియ్యత్ (మనసులోని సంకల్పం) చాలు. భర్త పోయిన మా ఖాలా కూతురికి "పిల్లల ఫీజులకు ఉంచమ్మా" అని ఇచ్చా. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఈ సంగతి ఎలాగో తెలిసి మసీదు కమిటీ పెద్దాయన ఒకరు ఇంటికొచ్చారు. మీనార్ పని ఆగిపోయిందట, జకాత్ డబ్బు అందులో వేయమంటారు. హనఫీ పద్ధతిలో జకాత్ ఒక పేద మనిషి చేతికి చేరి అతని సొంతం కావాలి. మీనార్‌కు అది ఎలా చెల్లుతుంది? కావాలంటే సదఖాగా (మామూలు దానంగా) వేరే ఇస్తానన్నా. ఎంత అని అడిగి, విని, టీ కూడా తాగకుండా లేచారు. అప్పటినుంచి నేను సలాం చెబితే బదులివ్వడం లేదు. బదులివ్వడం వాజిబ్ (తప్పనిసరి) అని జుమా రోజు అందరికీ చెప్పేది ఆయనే.