గంజాయి అలవాటు నుంచి మా అబ్బాయి కోలుకోవడం: నా అనుభవం

మా పెద్దాడికి ఇంటర్ ఫస్టియర్‌లో, పదహారేళ్ల వయసులో, హాస్టల్లో గంజాయి అలవాటైంది. మాది విజయవాడ. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా కళ్లెర్రగా ఉండడం, బ్యాగులో కంట్లో వేసుకునే డ్రాప్స్, సన్నటి పొడుగు కాగితాలు, ఫోన్లో ఒకే నంబరుకి మళ్లీ మళ్లీ డబ్బులు వెళ్లడం, ఇవన్నీ ఒకటొకటిగా బయటపడ్డాయి. తెలిశాక ఇంట్లో ఏం జరిగుంటుందో ఈ బాధ పడినవాళ్లకి చెప్పక్కర్లేదు. ట్రీట్‌మెంట్ ఎలా సాగిందో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే మాకు ఆ రోజుల్లో కావలసింది అదే.

కాలేజీ మాన్పించి ఇంటికి తెచ్చుకున్నాక వాడు రాత్రుళ్లు నిద్రపోవడం మానేశాడు. ఎదురు ఫ్లాట్ వాళ్లు తనని వీడియో తీస్తున్నారని కిటికీలకి దుప్పట్లు కట్టేవాడు. అలాంటి ఒక రాత్రి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఫోన్ చేశాను. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, ఏ టైములో అయినా. అవతల ఉన్న అమ్మాయి అంతా విని, "అది నిజం కాదని వాడితో వాదించకండమ్మా, ఒంటరిగా వదలకండి, పొద్దున్నే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి" అంది. గంజాయి ఎక్కువగా తాగే కొందరిలో, ముఖ్యంగా చిన్నవయసు వాళ్లలో, ఇలా లేనిపోని అనుమానాలు వస్తాయని తర్వాత డాక్టర్ చెప్పారు.

మావారికి పోలీసులంటే భయం. హాస్పిటల్లో రాసుకుంటే కేసవుతుందేమో, పిల్లాడి భవిష్యత్తు ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. నేనే లాయర్‌గా ఉన్న మా పెదనాన్న కొడుకుని అడిగాను. చికిత్స కోసం వెళ్లినంత మాత్రాన ఎవరూ కేసు పెట్టరక్కా అని మావారికి వినబడేలా స్పీకర్లో చెప్పాడు. మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉందట. వాడకం కేసో, చిన్న మొత్తం దొరికిన కేసో ఇప్పటికే ఉన్నా సరే, ఆ మనిషి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది, చికిత్స పూర్తి చేయాలి, అంతే. ఎంతమంది తల్లిదండ్రులు ఈ ఒక్క భయంతో నెలలు నెలలు ఆగిపోతున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఈలోగా మా బావగారు ప్రేమతోనే ఒక ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్ (మత్తు అలవాటు మాన్పించే చోటు) సంగతి చెప్పారు. ఊరి బయట, మూడు నెలలకి మొత్తం ఒకేసారి కట్టాలి. వెళ్లి చూశాం. గేటుకి లోపల తాళం, పెద్దవాళ్లు పిల్లలు అందరూ ఒకే హాల్లో, మొదటి నెల ఫోన్ కూడా మాట్లాడనివ్వరట. ఇలాంటి చోట్లకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమంటే ఓనర్ సార్ వచ్చాక చూపిస్తామన్నారు. రోజూ చూసే డాక్టర్ ఎవరంటే జవాబు లేదు. "మీరు అప్పజెప్పి వెళ్లండి మేడమ్, మనిషిని చేసి పంపిస్తాం" అన్నాడు అక్కడి మనిషి. ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. నా కొడుకు మనిషే.

చివరికి మేం చేర్చింది హాస్పిటల్ సైకియాట్రీ వార్డులో. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల్ని తప్పనిసరి అయితేనే చేర్చుకోవాలి. ఒక సైకియాట్రిస్ట్ చూస్తే సరిపోదు, రెండో నిపుణుడు కూడా విడిగా చూసి ఒప్పుకోవాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తల్లో తండ్రో లేదా వాళ్లు పెట్టిన మనిషో ఉన్నన్నాళ్లూ పిల్లాడితోనే ఉండాలి. అది రూలు. అంటే ఆ సెంటర్లో మమ్మల్ని చేయనివ్వని పనే చట్టం మమ్మల్ని చేయమంటోంది. నేను స్కూల్లో సెలవు పెట్టి వాడి మంచం పక్కనే ఉన్నాను.

మొదటి వారం ఘోరం. గంజాయి మానేస్తే ఒంటికి పెద్దగా ఇబ్బందేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. మావాడికి చెమటలు, వణుకు, అన్నం చూస్తే వాంతి, మాట అంటే కోపం. ప్లేటు విసిరేశాడు, నన్ను అనరాని మాట అన్నాడు, తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చాడు. నిద్రపట్టినా భయంకరమైన కలలు. మొదటి రెండు మూడు రోజుల నుంచి వారం లోపల ఇది ఎక్కువగా ఉంటుంది, రెండు వారాలకి చాలావరకు తగ్గుతుంది, నిద్ర మాత్రం ఇంకొంచెం ఆలస్యంగా కుదుటపడుతుంది అని డాక్టర్ గారు ముందే చెప్పి ఉంచడం వల్ల తట్టుకున్నాను. అనుమానాలకి, నిద్రకి మందులిచ్చారు. గంజాయి మీద కోరికని తీసేసే మాత్ర అంటూ ఏదీ లేదని, అసలు వైద్యం కౌన్సెలింగేనని కూడా ఆవిడే చెప్పారు.

కొంచెం కుదుటపడ్డాక రాత్రిళ్లు వాడే మాట్లాడడం మొదలుపెట్టాడు. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్లాడు, ఆ హాస్టల్ కాలేజీకెళ్లాక ప్రతి వీక్లీ టెస్టుకీ సెక్షన్ మారుస్తూ కిందకి తోశారట. ర్యాంకు లిస్టు గోడకి అంటించిన రోజు రాత్రి నిద్ర పట్టేది కాదట. సీనియర్ ఒకడు "ఇది కొట్టి పడుకో" అని ఇచ్చాడు. నిద్రపట్టింది. అలా మొదలైంది. ఈ మాట వాడు కౌన్సెలర్ కంటే ముందు నాకు చెప్పాడు, చీకట్లో, నా మొహం కనబడకుండా. నేను ఆ రాత్రి అక్కడ లేకపోయుంటే ఎవరికి చెప్పేవాడు?

ఇంటికొచ్చాక వారానికోసారి యూరిన్ టెస్ట్. ఇక్కడ ఒక గొడవ. మానేసి వారాలవుతున్నా స్ట్రిప్ పాజిటివ్ చూపిస్తూనే ఉంది. మావారు వాడు దొంగచాటుగా తాగుతున్నాడనుకుని కేకలేశారు. గంజాయి మత్తు పదార్థం ఒంట్లో కొవ్వులో నిలవుంటుంది కాబట్టి, రోజూ తాగినవాళ్లలో నెల వరకూ కూడా కనబడొచ్చని డాక్టర్ చెప్పాకే శాంతించారు. మీ ఇంట్లో ఇదే జరిగితే స్ట్రిప్‌ని చూసి పిల్లాడి మీద విరుచుకుపడకండి, ముందు డాక్టర్ని అడగండి.

ఫ్యామిలీ సెషన్లో మా చిన్నది, ఏడో తరగతి, "అన్నయ్య వచ్చినప్పటినుంచి ఇంట్లో టీవీ సౌండ్ కూడా పెట్టనివ్వట్లేదు" అంది. వాడు దాని వైపు చూసి సారీ చెప్పాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఇద్దరూ షటిల్‌కి వెళ్తున్నారు. చదువు సంగతికొస్తే ఎంపీసీ వదిలేశాం. ఇంటి దగ్గరున్న కాలేజీలో సీఈసీ, మళ్లీ ఫస్టియర్ నుంచి, డేస్కాలర్‌గా. బంధువుల్లో మా అక్కకీ తమ్ముడికీ మాత్రం నిజం చెప్పాం, ఎందుకంటే నాక్కూడా ఒక రాత్రి నిద్రపోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

సంక్రాంతికి పాత స్నేహితుడు కలిస్తే మళ్లీ తాగాడు. మర్నాడు వాడే చెప్పాడు. కౌన్సెలర్ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. తాగడానికి ముందు రెండు మూడు గంటల్లో ఏం జరిగింది, ఎక్కడున్నావు, మనసులో ఏముంది అని గుచ్చి గుచ్చి అడిగి, ఈసారి అలాంటి చోట ఇరుక్కుంటే ఎవరికి ఫోన్ చేయాలో, ఏం చెప్పి లేచి రావాలో వాడిచేతే రాయించారు. మొదటి పేరు వాళ్ల నాన్నది రాశాడు. మావారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

ఇప్పుడు వాడు సెకండియర్. మందులు డాక్టర్ గారే మెల్లగా తగ్గించి ఆపేశారు. కౌన్సెలింగ్ నెలకోసారి నడుస్తోంది, అది ఇంకా చాలాకాలం ఉంటుందన్నారు, వెళ్తాం. పోయిన వారం ఒక పుట్టినరోజు పార్టీ నుంచి రాత్రి తొమ్మిదికి వాళ్ల నాన్నకి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నాడు. ఆయన బండి తీసి వెళ్లారు, దారిలో ఏమీ అడగలేదట.