బరువు తగ్గితే మెచ్చుకున్నారు

మార్చిలో కాటా ఎక్కితే 62 కిలోలు చూపించింది. దీపావళికి 68 ఉన్నాను. కోచ్ సార్ భుజం తట్టి, "కొండలెక్కేవాడికి ఉండాల్సిన ఒళ్లు ఇదీ" అన్నారు. తోటివాళ్లు ఏం తింటున్నావని ఆరా తీశారు. సైకిల్ రోడ్డు రేసుల్లో కిలో బరువుకు ఎన్ని వాట్ల బలంతో తొక్కగలడు అన్న లెక్క మీదే ఎక్కేవాడి బతుకు నడుస్తుంది. తిరుపతిలో పుట్టినవాడికి కొండ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు కానీ, ఆ వాట్ల లెక్క మాత్రం స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చి, సైకిల్ తొక్కడమే జీతం పని అయ్యాక నేర్చుకున్నాను.

ఒక్కటే కుదరలేదు. దీపావళికి గంటసేపు 300 వాట్లు నిలబెట్టగలిగేవాణ్ణి. ఆరు కిలోలు తగ్గాక భాకరాపేట ఘాట్‌లో 260 దాటడం లేదు. సైకిల్ మీద ఆ వాట్లు కొలిచే పవర్ మీటర్ చెడిపోయిందనుకుని రెండుసార్లు విప్పదీయించాను. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, అది ఎండ ఖాతాలో వేశాను. రాత్రి చెమటకు దిండు తడిసేది, ఫ్యాను సరిగా తిరగడం లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అన్ని యంత్రాలనూ అనుమానించాను, నన్ను తప్ప. పొడిదగ్గుకు ఒక డాక్టరు వైరల్ జ్వరమని ఐదు రోజుల మందులు రాసిచ్చారు. ఆ ఐదో రోజునే మామండూరు వైపు తొక్కుతుంటే, కుడి పక్కటెముకల కింద ఊపిరి తీసినప్పుడల్లా పొడుస్తున్నట్టు నొప్పి వచ్చి కిలోమీటరు రాయి మీద కూలబడ్డాను.

ఎక్స్‌రేలో కుడివైపు కింది భాగమంతా తెల్లగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు.

నీరు తీయడానికి మంచం అంచున కూర్చోబెట్టి, ఎదురుగా బల్ల జరిపి, దాని మీద దిండు వేసి, చేతులు ఆనించి ముందుకు వంగమన్నారు. వంగాను. మోచేతులు దగ్గరగా, తల కిందికి, వీపు చదునుగా. ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో గాలికి దొరక్కుండా ఉండటానికి నేను ఏళ్ల తరబడి సాధన చేసిన భంగిమ అదే. "బాగా వంగావు బాబూ" అని నర్సమ్మ మెచ్చుకుంది. మత్తు సూది తర్వాత పెద్ద సూది రెండెముకల సందులో దిగింది. నొప్పి కాదు, లోపల ఎవరో వేలితో తోస్తున్నట్టు ఉంది. పలచటి డికాషన్ రంగు నీరు సన్నటి గొట్టంలోంచి సీసాలోకి జారుతోంది. దగ్గవద్దన్నారు. అరగంటగా రాని దగ్గు సరిగ్గా అప్పుడే వచ్చి గొంతులో కూర్చుంది. మొత్తం 900 మిల్లీలీటర్లు వచ్చింది. నా సైకిల్‌కు తగిలించే సీసాలో 750 పడుతుంది. అంటే సీసా నిండగా ఇంకా మిగిలేంత నీరు ఛాతీలో పెట్టుకుని ఘాట్ ఎక్కాను. కోచ్ సార్ మెచ్చుకున్న 62 కిలోల్లో కిలో దాకా అదే.

ఆ నీటిని పరీక్షించి టీబీ అని తేల్చారు, ఊపిరితిత్తి పొరకు వచ్చినది. కళ్లెలో క్రిములు లేవు కాబట్టి ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందన్న భయం పెట్టుకోవద్దని డాక్టరుగారు చెప్పారు. అమ్మ నమ్మింది. పిన్ని నమ్మలేదు, నా గ్లాసు కిటికీలో విడిగా పెట్టింది. నేనేమీ అనలేదు కానీ, ఆ గ్లాసును ఈరోజుకీ మరిచిపోలేదు.

రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. మందులకు రూపాయి ఖర్చు లేదు, పైగా పోషణకని ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. అమ్మ ఆ డబ్బుకు పైసా తేడా లేకుండా గుడ్లు కొంది. వాటిలో రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగుకు తిరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. ఎథాంబ్యుటాల్‌తో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చన్నారు, అందుకని రోజూ లేవగానే క్యాలెండర్‌లో ఎర్ర తారీఖులు వెతికేవాణ్ణి. చెప్పినా నా తలకెక్కనిది పైరజినమైడ్ సంగతి. అది ఒంట్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది, కీళ్లు పట్టేస్తాయి. మే నెలంతా మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. పదేళ్లుగా సైకిల్ మీద ఒక్కసారీ మొరాయించని మోకాళ్లు మంచం మీద మొరాయించాయి! రెండు నెలలయ్యాక ఆ మందు ఆపిన కొద్ది వారాలకే సర్దుకున్నాయి.

చూడటానికి వచ్చినవాళ్లందరూ సైకిల్ రేసుల వీరుడు మార్క్ కావెండిష్ పేరు ఎత్తేవారు. 2017లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకి పడిపోయినవాడు 2021 టూర్ డి ఫ్రాన్స్‌లో నాలుగు స్టేజీలు, అంటే నాలుగు రోజుల రేసులు, గెలిచాడు, 2024లో తన 35వ స్టేజీ గెలిచి ఎడ్డీ మెర్క్స్ పేరున్న స్టేజీ గెలుపుల రికార్డు దాటాడు, నీకేం తక్కువ అని. మధ్యలో ఏముందో ఎవరూ చెప్పరు. 2018 టూర్‌లో గడువులోగా గమ్యం చేరలేక ఇంటికి పంపేశారు. ఆ ఏడాది ఫిబ్రవరి తర్వాత 2021 ఏప్రిల్ దాకా ఒక్క గెలుపూ లేదు. నాకు ధైర్యం ఇచ్చింది 35వ స్టేజీ కాదు, ఆ మూడేళ్లు. అంతటివాడికే అంతకాలం పడితే, నాకు మూడు నెలల్లో ఎందుకు రాలేదని నన్ను నేను తిట్టుకోవడం మానేశాను.

అక్టోబరులో మందులు పూర్తయ్యాయి. అమ్మకు మొక్కు ఉంది, అలిపిరి నుంచి నడిచే వెళ్లాలి. 3,550 మెట్లు. డాక్టరుగారిని అడిగితే ఆగి ఆగి ఎక్కమన్నారు. యాభై ఎనిమిదేళ్ల అమ్మ మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ కూడా నాకంటే ముందే గాలిగోపురం చేరింది. అక్కడ కూర్చుని, "నిదానంగా రా నాయనా, ఇది రేసు కాదు" అంది. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కుతున్నవాళ్లను చూసి, నా మోకాళ్లు మే నెలలోనే మొక్కు చెల్లించాయని చెబితే నవ్వలేదు, నెత్తిన ఒక్కటి వేసింది.

జనవరిలో మా ఎంపిక పోటీలు. ఇప్పుడు గంటకు 235 వాట్లు, బరువు 67, అంటే కిలోకు మూడున్నర. నెలకు పది వాట్లు పెరిగినా జనవరికి పాత లెక్క అందదు. ఘాట్ ఉన్న రేసులో నా పేరు రాయించుకోవడం అబద్ధం అవుతుంది. అందుకే కోచ్ సార్‌తో ఈ సీజనంతా జట్టులో పనివాడిగా తొక్కుతానన్నాను. చదును రోడ్డు మీద ముందుండి గాలి మోస్తాను, వెనక్కి వెళ్లి సీసాలు తెస్తాను, కొండ మొదలయ్యే దగ్గర పక్కకు తప్పుకుంటాను. గెలిచేవాడు నా వెనకాల దాక్కుని బలం మిగుల్చుకుంటే చాలు. ఆయన కాసేపు ఆలోచించి సరే అని ఫారం ఇచ్చారు.

బరువు గడిలో 67 అని రాశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "జనవరికి రెండు కిలోలు తగ్గించు" అన్నారు.

"అలాగే సార్. తగ్గితే ముందు ఎక్స్‌రే తీయించుకుని వస్తాను."

ఆయన ఏమీ అనకుండా ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు.