అడ్మిషన్ల ఆఫీసు ఇంటికి వచ్చాక

అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల విభాగంలో పనిచేస్తున్నాను. 2020 మార్చిలో కోవిడ్ వల్ల అందరం ఇళ్లకు చేరాం. తరువాత తరగతులు క్యాంపస్‌కు తిరిగి వెళ్లినా, దరఖాస్తులు సరిచూసి, విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రం జారీకి కాగితాలు సిద్ధం చేసే మా పని మాత్రం చాలావరకు ఇళ్లలోనే నిలిచిపోయింది. ఈ పనిలో విద్యార్థి ముఖం కనిపించదు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం కారణంగా పక్క గదిలో ఉన్న ఇంటివారితో కూడా ఆ వివరాలు చెప్పుకోలేం. ఒంటరితనానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మొదట్లో మా మేనేజర్ శుక్రవారాలు ఆన్‌లైన్ ఆటలు పెట్టించేవారు. క్రమంగా అందరూ కెమెరాలు ఆపేయడంతో ఆమె వాటిని మానేశారు. ఇప్పుడు సోమవారం సమావేశంలో మేము ముగించిన ఒక ఫైలును తెరిచి, ఆ విద్యార్థికి వీసా వచ్చిందా, తరగతిలో చేరారా అన్నది చెబుతారు. మనం టిక్కు పెట్టి వదిలేసిన కాగితం ఎక్కడికి చేరిందో తెలిసినప్పుడు తరువాతి ఫైలును చూసే చూపే మారుతుంది.

2023-24లో అమెరికాలో చదివిన విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఎక్కువ, 3,31,602 మంది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. మా చెక్‌లిస్టు ఒరిజినల్ డిగ్రీ అడిగేది. కోర్సు అప్పుడే ముగించిన మన పిల్లల చేతిలో ఉండేవి ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో మాత్రమే కావడంతో ఫైళ్లు ఆగిపోయేవి. మా మేనేజర్ ఆ నిబంధనను నన్నే తిరగరాయమన్నారు, నా పేరుతోనే దానిని విభాగమంతటికీ పంపారు. సంవత్సరాల తరబడి విన్న మెచ్చుకోళ్లకన్నా ఆ బాధ్యత నన్ను ఈ ఉద్యోగానికి ఎక్కువగా కట్టిపడేసింది.

క్యాంపస్ నడవాలో తేలిన నిర్ణయమైనా సాయంత్రంలోగా మేమంతా చూసే టీమ్స్ యాప్‌లో రాసిపెట్టాలన్నది ఆమె పెట్టిన మరో నియమం. ఆగస్టు తరగతులకు ముందు, ఐ-20 ఒక రోజు ఆలస్యమైనా విద్యార్థి వీసా ఇంటర్వ్యూ చేజారే జూన్, జూలై నెలల్లో, ఈ నియమం వల్లే గడియారం మాకన్నా వెనక నడిచే పసిఫిక్ తీరంలో ఉన్న సహోద్యోగి కూడా ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా పని ముగించగలుగుతున్నారు.

పదోన్నతుల విషయం మాత్రం ఇంకా తేలలేదు. సీనియర్ పోస్టులు క్యాంపస్‌కు వచ్చేవారికే దక్కుతున్నాయి. ఇళ్ల నుంచి పనిచేసేవారికీ ఆ అర్హత కల్పించాలని ఆమె డీన్‌కు లిఖితపూర్వకంగా విన్నవించారు, జవాబు రావలసి ఉంది.