అంబాసిడర్ పని: ఇంజిన్ మౌంటింగులు, బుష్షుల ఎంపిక

అమలాపురంలో మా ఇంట్లో ఉన్న 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఇంజిన్ పని పూర్తయింది. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఇప్పుడు చక్కగా అందుకుంటోంది. అయినా బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణుకుతోంది, క్లచ్ వదిలిన ప్రతిసారీ అడుగున దబ్బుమని చప్పుడు వస్తోంది. అందుకే ఈ విడత పనంతా రబ్బరు మీదే పెట్టుకున్నాను: ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ మోసే రబ్బరు దిమ్మలు (మౌంటింగులు), చక్రాలను పట్టే భాగాల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు (బుష్షులు). వేసవిలో పంట కాలువలు కట్టేశాక మొదలుపెట్టి, తొలకరి లోపు బండిని మళ్లీ రోడ్డెక్కించాలని అనుకున్నాను.

ముందు పరీక్ష. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు బిగించి, బానెట్ ఎత్తాం. తమ్ముడు మొదటి గేరులో క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంటే నేను బండికి ఎదురుగా కాక పక్కన నిలబడి చూశాను. ముందుకు వెళ్లే గేరులో ఇంజిన్ ఎడమ వైపు పైకి లేస్తుంది, రివర్సులో కుడి వైపు లేస్తుంది. కాబట్టి రెండు గేర్లలోనూ చూస్తేనే రెండు మౌంటింగుల సంగతీ తెలుస్తుంది. మాది ఎడమ వైపు రబ్బరు ఇనుప పలక నుంచి ఊడి, పలకకూ రబ్బరుకూ మధ్య సందు కనబడింది. కుడిది ఊడలేదు కానీ గోరు దిగనంత గట్టిపడింది. గేర్‌బాక్సు కింద ఉన్నది ఆయిలులో నానిన శనగలా ఉబ్బిపోయింది.

ఆ ఉబ్బుకు కారణం ఇంజిన్ నిర్మాణంలోనే ఉంది. బీ సిరీస్ అనే ఈ రకం ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక కొసన రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద మరలాగా చెక్కిన గాళ్లే తిరుగుతూ ఆయిలును లోపలికి తోస్తాయి. ఇంజిన్ ఆగాక కొంత కారక మానదు, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం పూడితే మరింత కారుతుంది. సహజ రబ్బరుకు ఖనిజ తైలం పడదు. అందుకని కొత్త మౌంటింగు కొనకముందే బ్రీదర్ గొట్టం విప్పి కిరోసిన్‌తో కడిగాను. గేర్‌బాక్సు మౌంటింగు మీద ఆయిలు పడకుండా చిన్న రేకు వంచి అడ్డం పెట్టాను.

ఇక ఎంపిక. విజయవాడ ఆటోనగర్ నుంచి రెండు రకాలు తెప్పించాను, రెండూ చూడటానికి ఒక్కటే. మా మెకానిక్ గట్టిదాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది వేయించండి, నాలుగు కాలాలు ఉంటుంది" అన్నారు. ఆయన చేతిపని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా ఆలోచన వేరు. రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటర్ పెట్టి చూస్తే ఒకటి షోర్ ఏ కొలతలో (అంకె పెరిగేకొద్దీ గట్టి) 56, రెండోది 75 చూపించాయి. అంకెల్లో తేడా తక్కువగా కనిపించినా రబ్బరు బిరుసు రెట్టింపు దాటుతుంది.

అది ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు అదురుతుంది. బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరిగే ఐడ్లింగ్‌లో, నిమిషానికి 750 చుట్ల దగ్గర, అది సెకనుకు 25 అదురులు. మౌంటింగుల మీద కూర్చున్న ఇంజిన్‌కు తనదైన ఊగుడు వేగం ఒకటి ఉంటుంది. అది సెకనుకు సుమారు 17 లోపు ఉంటేనే రబ్బరు ఆ అదురును బాడీకి చేరకుండా తగ్గించగలదు. రబ్బరు గట్టిపడేకొద్దీ ఊగుడు వేగం పెరిగి 25కు దగ్గరవుతుంది, అప్పుడు అదురు తగ్గకపోగా పెరుగుతుంది. పందేల బండికి గట్టి మౌంటింగు సరే. అమ్మను రాజోలు తీసుకెళ్లే బండికి 56దే కావాలి. అదే వేయించాను.

మరీ మెత్తనిదైనా చేటే. ఇంజిన్ కుంగితే ఫ్యాను రేడియేటర్‌కు దగ్గరవుతుంది, సైలెన్సర్ గొట్టం అతుకు మీద లాగుడు పడుతుంది. బిగించాక ఫ్యాను చుట్టూ ఎడం చూసుకోవాలి. రబ్బరు మీద నిలిచిన ఇంజిన్‌కు బాడీతో కరెంటు సంబంధం ఎర్తు పట్టీ ద్వారానే. మా పట్టీ తుప్పు పట్టి పోగులుగా విడిపోయింది. అలా వదిలేస్తే స్టార్టరు కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. కొత్త పట్టీ వేశాను.

బుష్షుల విషయంలో రబ్బరుకు బదులు పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ రకం వేయమని చాలామంది చెప్పారు. అందులో రెండు జాతులున్నాయి. పాలియెస్టర్ రకాన్ని వేడీ తేమా కలిసి లోలోపలే విరగ్గొడతాయి, పాలిఈథర్ రకం నీటికి బాగా తట్టుకుంటుంది. పెట్టె మీద ఏ రకమో రాయని సరుకును కోనసీమలో వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పైగా పాలీ బుష్షు లోపలి ఇనుప గొట్టం (స్లీవ్) మీద జారుతూ తిరుగుతుంది, దానికి సిలికాన్ గ్రీజు అందుతూ ఉండాలి. మా రోడ్ల మీద రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీరు, వర్షాకాలపు బురద ఆ జారే చోటే చేరతాయి. రబ్బరు బుష్షు జారదు, తనలోనే మెలితిరుగుతుంది. కాబట్టి ముందు చక్రాలను పట్టే కింది ఆర్మ్‌లకూ వెనుక కమాను కట్టలకూ (లీఫ్ స్ప్రింగులకు) రబ్బరే.

కమాను కన్నుల్లోని పాత స్లీవులు తుప్పుతో అతుక్కుపోయాయి. మంటపెట్టి రబ్బరు కాల్చే పద్ధతి నాకు ఇష్టం లేదు, ఆ పొగ మంచిది కాదు. హ్యాక్సా బ్లేడుతో స్లీవును నిలువునా కోసి బయటికి కొట్టాం. కొత్తవి సబ్బు నీళ్లతో ఎక్కించాం.

ముందు వైపు మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ (టోర్షన్ బార్) ఉంది కనుక ఆ పని మెకానిక్ చేతుల మీదుగానే జరగాలి. బార్‌లో బిగుసుకున్న బలాన్ని నెమ్మదిగా దించకుండా ఆర్మ్ విప్పితే ప్రాణాపాయం. విప్పేముందు బార్‌కూ ఆర్మ్‌కూ కలిపి పెయింటుతో గీతలు పెట్టాం. ఎడమ బార్‌ను కుడికి మార్చకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి బిగింపు. బండిని చక్రాల మీదికి దించి, బరువు పడ్డాకే రబ్బరు బుష్షుల బోల్టులు పూర్తిగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది.

216 జాతీయ రహదారి మీద రాజోలు, దిండి దాటి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి వచ్చాను. వంతెన అతుకుల దగ్గర ముందు చక్రాల చప్పుడు మెత్తబడింది, వెనుక నుంచి కిర్రుమనడం పోయింది. ఐడ్లింగ్‌లో అద్దం నిలకడగా ఉంది. ముందు టై రాడ్ల బుష్షుల్లో కొంచెం ఆట మిగిలింది, అవి వచ్చే విడతకు. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మరోసారి చూసి, గేర్‌బాక్సు మౌంటింగు మీద రేకు ఆయిలును ఎంతవరకు ఆపుతోందో రాస్తాను.