“కేసు ఉందట” అనే ముందు

కాలిఫోర్నియాలో కొత్తగా మేనేజర్ అయిన మనవాళ్లకు హెచ్‌ఆర్ నుంచి పడే అక్షింతల్లో ఇదొకటి: ఇంటర్వ్యూకొచ్చిన మనిషి పేరు గూగుల్లో వెతికి, “ఈయన మీద పాత కేసు ఉందట” అని మెయిల్ పెట్టడం. వాకబు చెయ్యకుండా ఇల్లయినా అద్దెకివ్వని వాళ్లం, సంబంధమైనా చూడని వాళ్లం. అందుకే ఆ మందలింపు చురుక్కుమంటుంది.

2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫెయిర్ ఛాన్స్ యాక్ట్ ప్రకారం, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట షరతులతో కూడిన ఆఫర్ ఇచ్చేదాకా నేరచరిత్ర అడగకూడదు. దరఖాస్తులో ఆ గడి ఉండకూడదు, నెట్‌లో వెతకనూ కూడదు. కొన్ని ఉద్యోగాలకు మినహాయింపులున్నాయి. అరెస్టయినా శిక్ష పడని కేసును మామూలుగా ఆఫర్ తర్వాత కూడా లెక్కలోకి తీసుకోకూడదు. మనం జారేది ఇక్కడే. ఫిర్యాదు, అరెస్టు, శిక్ష, మూడింటికీ మన నోట ఒకటే మాట: కేసు.

ఆఫర్ ఇచ్చాక తెప్పించిన నేరచరిత్ర రిపోర్టులో శిక్ష కనపడితే మూడు చూడాలి: నేరం ఎంత తీవ్రమైంది, ఎన్నేళ్లయింది, ఈ పనికీ దానికీ సంబంధమేంటి. ఐదేళ్ల కిందట తాగి బండి నడిపినందుకు పడ్డ శిక్ష డెలివరీ వ్యాన్‌కి ఒక లెక్క, గోడౌన్లో పెట్టెలు సర్దడానికి ఇంకో లెక్క. వద్దనుకుంటే ముందు ఆ అభ్యర్థికి ఉత్తరం రాయాలి. అందులో ఏ శిక్ష అడ్డమైందో చెప్పి, రిపోర్టు నకలు జతచేసి, జవాబుకు కనీసం ఐదు పనిదినాలు ఇవ్వాలి. రిపోర్టే తప్పు, ఆధారాలు తెస్తున్నానని అతను రాస్తే ఇంకో ఐదు. ఆ గడువు తీరకుండా ఏదీ ఖాయం చెయ్యకూడదు.

అంత గడువెందుకంటే, పేరు కలిసినందుకే వేరేవాళ్ల నేరం రిపోర్టులోకి ఎక్కుతుంది. కోర్టు కొట్టేసిన శిక్ష ప్రైవేటు డేటాబేస్‌లో అలాగే ఉండిపోతుంది. ఇంటిపేరు, పేరు తారుమారై తిప్పలు పడే మనకు ఇది ఒకరు చెప్పాలా? ప్రొబేషన్ (కోర్టు పెట్టిన నిఘా గడువు) పూర్తయిన కాగితం, శిక్షణ సర్టిఫికెట్లు, పాత యజమాని రాసిన ఉత్తరం తెచ్చుకోవడానికీ ఆ రోజులు కావాలి.

ఇళ్ల విషయంలో న్యూయార్క్ నగరం ఇలాంటి చట్టమే తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి అద్దె ఆఫర్ ఇచ్చాకే నేరచరిత్ర చూడాలి. అదీ చిన్న నేరమైతే మూడేళ్లు, పెద్దదైతే ఐదేళ్ల వెనక్కే.

మన దగ్గర “మావాడే, నాదీ పూచీ” అనే పెద్దమనిషి ఒకరుంటే పాత కేసు పక్కకు పోతుంది. ఆ మాటలో ఉన్న ఆప్యాయత ఈ ఉత్తరంలో లేదు, ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. కానీ పూచీ పడేవాళ్లు లేని మనిషికి మన ఊళ్లోనూ దారి లేదు. ఆ మనిషి కోసమే ఈ ఐదు రోజులు.

ఒక్కటి మాత్రం కలగలపకండి. ఈ రక్షణ ఉద్యోగానికో అద్దె ఇంటికో, ఇమిగ్రేషన్‌కు కాదు. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో కోర్టు సీల్ చేసి బయటికి చూపని కేసులూ, కొట్టేసిన అరెస్టులూ చెప్పాల్సిందే. కోర్టు తుది ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు ముందే తెచ్చి దాచుకోండి.